మా పెద్ద తాత ఎక్కడ పోయాడో తెలియకుండా రాయి మీద ఏం చెక్కించాలి?

టెక్కలి కుర్రోడు:
అందరికీ నమస్కారం. మా తాత వాళ్ళ అన్న రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయాడు. ఊళ్ళో కుర్రాళ్ళు రామమందిరం పక్కన ఆయన పేరు మీద రాయి పెడదామంటున్నారు, సంతోషమే, కానీ దాని మీద ఏం రాయాలన్న దగ్గరే గొడవ మొదలైంది. మా నాన్నమ్మ బతికున్నన్నాళ్ళూ "రంగంలో పోయాడు" అనేది, అంటే రంగూన్‌లో. సర్పంచ్ గారైతే బర్మా అడవుల్లో తుపాకీ పట్టి వీరమరణం అని ఫ్లెక్సీ కూడా వేయించేశారు. మా దగ్గర ఉన్నదల్లా ట్రంకుపెట్టెలో పాత గుడ్డలో చుట్టిన ఒక నక్షత్రం, ఒక గుండ్రటి మెడల్. శవం రాలేదు, తిథి తెలియదు, అందుకే మహాలయ అమావాస్యకే తర్పణం వదులుతాం. యుద్ధంలో చనిపోయిన సిపాయిల వివరాలుండే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ సైట్‌లో పేరు కొట్టి శ్రీకాకుళం అని వెతికితే ఏమీ రావట్లేదు. ఎవరికైనా దారి తెలిస్తే చెప్పండి.

మాజీ హవల్దార్:
బాబూ, ముందు ఆ నక్షత్రాన్ని చింతపండు పెట్టి తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. మధ్యలో కిరీటం ఉంటుంది, దాని చుట్టూ వలయంలో ఇంగ్లీషులో రాసి ఉంటుంది. బర్మా స్టార్ అని ఉంటే మీ నాన్నమ్మ మాట నిజం. పసిఫిక్ స్టార్ అని ఉంటే మాత్రం మలయా, సింగపూర్ వైపు చూడాలి. ఆ రెండు స్టార్లూ ఒకే మనిషికి ఇవ్వరు. తర్వాత గుండ్రటి మెడల్ అంచుని వెలుతురులో తిప్పి చూడండి, మన సిపాయిలకి ఇచ్చిన వాటి మీద చాలావరకు నంబరు, పేరు, యూనిట్ చెక్కి ఉంటాయి.

పాత కాగితాలు:
శ్రీకాకుళం జిల్లా వచ్చిందే 1950లో అండి, యుద్ధం రోజుల్లో మీ వైపంతా విశాఖ జిల్లా, రికార్డుల్లో "విజగపటం" అని ఉంటుంది. ఇంటిపేరు చాలాచోట్ల ఉండదు, ఉన్న పేరుకి కూడా ఆ గుమాస్తా చెవికి ఎలా వినబడితే అదే స్పెల్లింగు. కాబట్టి పేరుతో కాదు, నంబరుతో వెతకండి. ఆ యుద్ధంలో మన దేశం నుంచి 25 లక్షల మంది పైగా వెళ్ళారు, దాదాపు 87 వేల మంది తిరిగి రాలేదు. దహనం చేసినవాళ్ళకీ శవం దొరకనివాళ్ళకీ సమాధులుండవు, స్మారకాల మీద పేర్లుంటాయంతే. బర్మాలో తౌక్యాన్ దగ్గర రంగూన్ మెమోరియల్ మీద దాదాపు 27 వేల పేర్లున్నాయి, సింగపూర్ క్రాంజీలో 24 వేలు.

టెక్కలి కుర్రోడు:
దొరికింది! పసిఫిక్ స్టార్ అండి. అంచు మీద నంబరు, పక్కన ఆర్.ఐ.ఏ.ఎస్.సి. అని ఉంది. నంబరు కొడితే క్రాంజీ గోడ మీద పేరు, తారీకు 1942 ఫిబ్రవరి 15. తండ్రి పేరు, ఊరు సరిపోయాయి. మరి నాన్నమ్మ రంగం అని ఎందుకంది?

గూడెం అమ్మాయి:
మీ వైపు సముద్రం దాటినవాళ్ళంతా ఆ రోజుల్లో రంగూనేగా వెళ్ళేది, ఓడ ఎక్కాడంటే రంగమే అనుకుని ఉంటారు. ఇంకో మాట, ఆ తారీకు సింగపూర్ జపాన్ వాళ్ళకి లొంగిపోయిన రోజు. జాడ తెలియని చాలామందికి అధికారులు అదే తేదీ వేసేశారు. పంచాంగం ప్రకారం ఆ రోజూ అమావాస్యే, అయినా నన్నడిగితే మీరు మహాలయానికి వదిలేది మానొద్దు. రాయి మీద మటుకు ఏడాది, సింగపూర్ అని రాస్తే చాలు. మా తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరంలో సిపాయిల స్మారక స్తూపం ఉంది, వీలైతే ఒకసారి చూసి రండి. భార్య పేరు కూడా ఆ రికార్డులో ఉందేమో చూశారా?

టెక్కలి కుర్రోడు:
ఉందక్కా. ఊళ్ళో అందరూ ఆవిణ్ణి "మిలటరీ పెద్దమ్మ" అనేవారు, అసలు పేరు మా నాన్నకి కూడా తెలియదు. పన్నెండేళ్ళు బొట్టు తీయలేదట, వస్తాడని.

మాజీ హవల్దార్:
అయితే ఇద్దరి పేర్లూ వేయించండి. ఆర్.ఐ.ఏ.ఎస్.సి. అంటే రేషన్లు, పెట్రోలు, మందుగుండు మోసే సర్వీస్ కోర్, నేను చేసిందీ అందులోనే. బాంబులు పడుతుంటే లారీ నడపడం తక్కువ పనేం కాదు. ర్యాంకు డ్రైవర్ అని ఉంటే డ్రైవర్ అనే చెక్కించండి, తుపాకీ బొమ్మ అక్కర్లేదు.

టెక్కలి కుర్రోడు:
డ్రైవర్ అనే ఉంది బాబాయ్. సర్పంచ్ గారు రాయికి ఒప్పుకున్నారు, ఇప్పుడు బర్మా ఫ్లెక్సీ డబ్బులు ఎవరిస్తారని అడుగుతున్నారు.