ఇరవైల్లో ఉన్నవాళ్ల తాగుడుకు ఆన్‌లైన్ థెరపీ సరిపోతుందా?

వానకారు:
మా తమ్ముడికి 23 ఏళ్లు. రోజూ తాగడు. శుక్రవారం రాత్రి మొదలుపెడితే మాత్రం ఆదివారం సాయంత్రం దాకా ఆగడు. ఆ మధ్యలో ఏం జరిగిందో చాలాసార్లు గుర్తుండదు. సోమవారాలు పని ఎగ్గొట్టీ ఎగ్గొట్టీ ఉద్యోగం పోయే పరిస్థితి తెచ్చుకున్నాడు. డీ-అడిక్షన్ సెంటర్ మాటెత్తితే "నేనేమన్నా తాగుబోతునా" అని తలుపేసుకుంటాడు. వీడియో కాల్‌లో కౌన్సెలర్‌తో మాట్లాడతావా అని అడిగితే, కెమెరా ఆపుకోనిస్తే సరేనన్నాడు.

నాన్న ఒప్పుకోవడం లేదు. ఫోన్లో కబుర్లు చెప్పి తాగుడు మాన్పిస్తారా, డాక్టరు ముందు కూర్చోబెట్టాల్సిందే అంటారు. ఇక్కడ ఈ రంగంలో పనిచేసేవాళ్లూ, ఆ దారిలో నడిచి వచ్చినవాళ్లూ ఉన్నారు కదా, చెప్పండి. ఈ వయసు వాళ్లకు ఆన్‌లైన్ థెరపీ నిజంగా పనిచేస్తుందా? లేక ఏదో ఒకటి చేస్తున్నామని ఇంట్లోవాళ్లం మనసుకు సర్దిచెప్పుకోవడమేనా?

తూర్పుగాలి:
పనిచేస్తుందండీ. నేను కౌన్సెలర్‌ని. నేరుగానూ చూస్తాను, వీడియోలోనూ చూస్తాను. అతను ఒప్పుకున్న దారిని దయచేసి వదులుకోకండి. తాగుడు సమస్య ఉన్నవాళ్లలో ఎక్కువమంది జీవితంలో ఒక్కసారి కూడా సాయం అడగరు. అడిగేవాళ్లు కూడా చాలా ఏళ్లు ఆలస్యం చేసి అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో మద్యం వల్ల 26 లక్షల మంది చనిపోయారు. మరణాల్లో మద్యం వాటా అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది 20 నుంచి 39 ఏళ్ల వాళ్లలోనే, సుమారు 13 శాతం. ఆలస్యానికి మూల్యం అంత ఉన్న వయసు ఇది.

ఇక ఫోన్లో కబుర్లు అన్న మాటకి. స్టాక్‌హోమ్‌లో మద్యం సమస్య ఉన్న 301 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఎదురెదురుగా కూర్చుని చికిత్స, ఇంకో జట్టుకు అదే చికిత్స ఇంటర్నెట్‌లో, థెరపిస్టు తోడుతో. ఆరు నెలల తర్వాత చూస్తే తాగుడు తగ్గడంలో ఇంటర్నెట్ జట్టు వెనకబడలేదు. 2021లో 'అడిక్షన్' పత్రికలో వచ్చింది.

సెషన్లలో నీతులు చెప్పడం ఉండదు. ఎప్పుడు, ఎవరితో, ఎంత తాగాడో రాయిస్తాం. తాగాలనిపించడానికి గంట ముందు ఏం జరిగిందో వెతుకుతాం. ఆ కోరిక పెరిగి, శిఖరానికి చేరి, దానంతటదే తగ్గుతుందని అతనే గమనించేలా చేస్తాం. స్నేహితుడు గ్లాసు అందించినప్పుడు ఏ మాటతో వద్దనాలో పైకి పలికిస్తాం. వీటిలో ఏదీ ఒకే గదిలో కూర్చుంటే తప్ప జరగనిది కాదు.

రాత్రిడ్యూటీ:
నేను అత్యవసర విభాగంలో డాక్టర్‌ని. వానకారు గారూ, థెరపీ గురించి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పండి. పొద్దున్నే తాగితే తప్ప చేతుల వణుకు ఆగని పరిస్థితి ఉందా? ఆపిన మర్నాడు విపరీతంగా చెమటలు, వాంతులు, గుండెదడ వస్తాయా? ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా? లేనివి కనబడటం, వినబడటం జరిగిందా?

ఒక్కదానికి అవునన్నా ఆన్‌లైన్ సంగతి పక్కన పెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మద్యానికి శరీరం అలవాటు పడ్డాక ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. చివరి గ్లాసు తర్వాత 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మనిషి అయోమయంలో పడిపోయే డెలీరియం ట్రెమెన్స్ మొదలుకావచ్చు. దానికి మందులు, బి1 విటమిన్, పక్కన కనిపెట్టుకుని ఉండే నర్సు కావాలి. ఆన్‌లైన్ కౌన్సెలర్ మంచి మనసుతో "ఈ రోజు నుంచే మానేద్దాం" అని ప్రోత్సహిస్తే, అటువైపు మనిషి శరీరం దేనికి సిద్ధంగా ఉందో ఆయనకు కనబడదు. కెమెరా ఆపి ఉంటే అసలే కనబడదు. నా అభ్యంతరమల్లా ఇక్కడే. ఎవరికి సరిపోతుందో తేల్చకుండా అందరికీ ఆన్‌లైన్ అమ్ముతున్నారు.

వానకారు:
వణుకు లేదు డాక్టరుగారూ. ఫిట్స్ ఎప్పుడూ రాలేదు. సోమవారం నీరసంగా పడుకుంటాడు, మంగళవారానికి మామూలే. వారం మధ్యలో ముట్టడు.

రాత్రిడ్యూటీ:
అయితే ఆ భయం చాలావరకు తగ్గినట్టే. అయినా గుర్తు లేకపోవడాన్ని తేలిగ్గా తీసుకోకండి. తక్కువ సమయంలో రక్తంలో మద్యం వేగంగా పెరిగినప్పుడు మెదడు జ్ఞాపకాలను నమోదు చేయడం ఆపేస్తుంది. మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, బండి కూడా నడుపుతాడు. ప్రమాదాలు జరిగేది అప్పుడే.

అతని చేత తాగుడు ఏ స్థాయిలో ఉందో కొలిచే ఆడిట్ ప్రశ్నావళి నింపించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థది, 10 ప్రశ్నలు, 40 మార్కులకు. 8 గానీ, అంతకు మించి గానీ వస్తే హానికర స్థాయి అని అర్థం. 20 గానీ, అంతకు మించి గానీ వస్తే డాక్టరు స్వయంగా చూడకుండా ఆన్‌లైన్‌తో సరిపెట్టొద్దు.

ఎర్రమందారం:
నేను మీ నాన్నగారి పక్షమమ్మా. మా అబ్బాయికీ ఆన్‌లైన్‌లోనే పెట్టించాం. కెమెరా ఆపుకున్నాడు. లోపల్నుంచి మాటలు వినిపిస్తుంటే దారిన పడ్డాడనుకున్నాం. పక్కన కప్పు పెట్టుకుని తాగుతూనే ఆ కౌన్సెలర్ అమ్మాయికి బాగానే ఉన్నానని చెబుతున్నాడని చాలా రోజులకు గాని తెలియలేదు. తరవాత నేరుగా ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాం. గదిలోకి అడుగుపెట్టగానే, వాడు నోరు తెరవకముందే ఆయనకి అర్థమైపోయింది. వాసన, కళ్లు, కూర్చునే తీరు, ఇవన్నీ అబద్ధమాడవు. ఇంకోటి కూడా. స్నానం చేసి, చొక్కా వేసుకుని, గడప దాటి ఇంకో మనిషి ఎదుట కూర్చోవడంలోనే సగం వైద్యం ఉంది. మంచం మీద పడుకుని చెవిలో తీగ పెట్టుకుంటే అది రాదు.

నూలుపోగు:
ఎర్రమందారం అమ్మా, మీ బాధ అర్థమవుతోంది. కానీ నేను ఆ రెండో వైపు నుంచి వచ్చినవాణ్ణి. గడప దాటి రమ్మని ఉంటే నేను ఈ రోజుకీ వెళ్లేవాణ్ణి కాదు. ఆ వరండాలో తెలిసినవాళ్లెవరైనా చూస్తే? పేరు పెట్టి గట్టిగా పిలిస్తే? ఈ భయం పెద్దవాళ్లకు చిన్నదిగా అనిపిస్తుందేమో. ఉద్యోగంలో కొత్తగా చేరిన నాకు కొండంత. మొదట్లో నేనూ కెమెరా పెట్టలేదు. నోటితో చెప్పలేనివి టైప్ చేశాను. ఎంత తాగుతున్నానో నిజం లెక్క మొదటిసారి బయటపెట్టింది అలాగే. అబద్ధాలు ఎదురుగా కూర్చుని కూడా చెప్పొచ్చమ్మా, మా ఇంట్లోవాళ్ల ఎదుటే ఏళ్ల తరబడి చెప్పాను.

ఒక్కటి మాత్రం నొక్కి చెప్పాలి. అంతకు ముందు ఓ యాప్ పెట్టుకున్నాను. మనిషి ఉండడు. రోజూ గ్లాసుల సంఖ్య నొక్కితే బొమ్మలు, పతకాలు వస్తాయి. కొద్ది వారాలకే తెరవడం మానేశాను, ఎందుకు మానేశావని అడిగినవాళ్లు లేరు. తర్వాత దొరికిన కౌన్సెలర్, నేను కాల్‌కి రాకపోతే సాయంత్రం మెసేజ్ పెట్టేవారు. తిట్టేవారు కాదు, "ఈ వారం ఎలా గడిచింది" అంతే. నేను నిలబడింది ఆ ప్రశ్న మీద.

తూర్పుగాలి:
నూలుపోగు చెప్పింది పరిశోధనలతో సరిగ్గా సరిపోతుంది. ఆన్‌లైన్ అని అన్నిటినీ ఒకే గాటన కట్టేయడంతోనే ఈ వాదన తెగడం లేదు. 2018లో 'ప్లాస్ మెడిసిన్'లో 19 పరిశోధనల్లోని 14,198 మంది వివరాలను కలిపి చూశారు. ఇంటర్నెట్ చికిత్స పొందినవాళ్లు, పొందనివాళ్లకంటే వారానికి సగటున 5 డ్రింకులు (ఒక డ్రింకంటే సుమారు 10 గ్రాముల ఆల్కహాల్) ఎక్కువ తగ్గించారు. మనిషి తోడున్న కార్యక్రమాలు పూర్తిగా యంత్రమే నడిపేవాటికంటే స్పష్టంగా మెరుగు. "నీ వయసువాళ్లు ఇంత తాగుతారు, నువ్వు ఇంత తాగుతున్నావు" అని పోల్చి చూపించి వదిలేసే రకం అన్నిటికంటే బలహీనం. కుర్రకారుకు యాప్ ఇచ్చేస్తే చాలు, వాళ్లే వాడేసుకుంటారన్న నమ్మకం కూడా అక్కడ నిలబడలేదు. 55 దాటినవాళ్లకే ఎక్కువ ఫలితం కనబడింది. చిన్నవాళ్లను పట్టి ఉంచడానికే మనిషి మరింత అవసరమని నేను అర్థం చేసుకున్నాను.

రాత్రిడ్యూటీ:
అందుకే అంకెల్ని జాగ్రత్తగా చదవమంటాను. వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2017 సమీక్షలో డిజిటల్ సాయం వల్ల తగ్గింది వారానికి సుమారు 23 గ్రాముల ఆల్కహాల్, అంటే రెండు డ్రింకులకు కాస్త పైన. వారాంతంలో ఏం జరిగిందో గుర్తుండనంతగా తాగే కుర్రాడికి అది చాలదు. ఆ సమీక్షలో ఎక్కువ భాగం మోతాదు మించి తాగే మామూలు జనం గురించి, నా వార్డులోకి వచ్చేవాళ్ల గురించి కాదు.

తూర్పుగాలి:
ఒప్పుకుంటాను. అందులో ఎక్కువగా ఉన్నవి వెబ్‌సైట్లు, యాప్‌లు. వారంవారం మనిషి మాట్లాడే థెరపీని ఆ అంకెతో కొలవకండి డాక్టరుగారూ.

తాళంచెవి:
ఎవరూ అడగని సంగతి ఒకటి. అతను చెప్పేదంతా ఎక్కడికి పోతుంది? అమెరికాలో మాన్యుమెంట్ అనే ఆన్‌లైన్ మద్యం చికిత్స సంస్థ, వివరాలు నూరు శాతం గోప్యమని చెప్పుకుంటూనే, మెటా, గూగుల్ లాంటి ప్రకటనల సంస్థలకు వాటిని చేరవేసిందని 2024లో అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 84,000 మంది దాకా వాళ్ల సమాచారం. అంతకు ముందు ఏడాది బెటర్‌హెల్ప్ అనే ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సంస్థ మీదా ఇలాంటి చర్యే తీసుకుంది. ఉద్యోగం పోతుందని భయపడి ఆన్‌లైన్‌కి వచ్చే కుర్రాడికి ఇంతకు మించిన ద్రోహం ఏముంటుంది? చేరేముందు రాతపూర్వకంగా అడగండి: కౌన్సెలర్ అర్హత ఏమిటి, సంభాషణలు రికార్డు చేస్తారా, ఎవరికి ఇస్తారు, మానేస్తే చెరిపేస్తారా. ఆఫీసు ఫోను, ఆఫీసు మెయిల్ వాడనివ్వకండి.

ఎర్రమందారం:
ఇది నాకు తెలియదు. మంచి మాట చెప్పారు.

నూలుపోగుకి ఒక ప్రశ్న. నువ్వు మారాలనుకుని వెళ్లావు నాయనా. మారాలని లేనివాడి సంగతేమిటి? మా వాడు మా నోరు మూయించడానికి కాల్‌లో కూర్చున్నాడు.

నూలుపోగు:
నేనూ మొదట అమ్మ ఏడుపు ఆపడానికే కూర్చున్నానమ్మా. మారాలన్న కోరిక మూడో నాలుగో కాల్‌లో పుట్టింది. ఆ కౌన్సెలర్ ఆవిడ తాగొద్దని ఒక్కసారీ అనలేదు. తాగుడు నాకు ఏమిస్తోంది, ఏం తీసుకుంటోంది అని అడిగి, నా నోటితోనే చెప్పించింది.

తూర్పుగాలి:
దాన్నే మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అంటాం. విలియం మిల్లర్ 1983లో మొదలుపెట్టిన పద్ధతి. మొండికేసిన మనిషిని వాదనతో గెలవలేమన్న గమనింపులోంచి పుట్టింది. ఎర్రమందారం గారూ, మీ అబ్బాయి విషయంలో లోపం తెరది మాత్రమే కాదేమో. మాట నిజమో కాదో చూసుకునే ఏర్పాటు లేకపోయింది.

రాత్రిడ్యూటీ:
ఆ ఏర్పాటు ఉంది. పెత్ అనే రక్తపరీక్ష గత రెండు నుంచి నాలుగు వారాల తాగుడును పట్టిస్తుంది. దొంగను పట్టినట్టు కాకుండా, అతని ఒప్పుదలతో, ముందే చెప్పి చేయాలి. లివర్ పరీక్ష ఎలాగూ ఒకటి కావాలి, తాగాలన్న కోరికను తగ్గించే నాల్‌ట్రెక్సోన్ లాంటి మందు అవసరమైతే అది చూశాకే రాస్తాం. కౌన్సెలర్లు మందులు రాయలేరు. కాబట్టి ఆన్‌లైన్ ఎంచుకున్నా దగ్గరలో ఒక డాక్టరు ఉండాలి. ఈ షరతు మీద నేను వెనక్కి తగ్గను.

వానకారు:
అందరికీ కృతజ్ఞతలు. ఆడిట్ నింపాడు, 17 వచ్చింది. వాడే కూడికలు చేసుకుని కాసేపు మాట్లాడలేదు. నాన్నతో మాట్లాడాను. ముందు ఒకసారి డాక్టరుకు చూపించి రక్తపరీక్షలు, తర్వాత వారానికోసారి వీడియో కాల్. మొదటి రెండు కాల్స్‌కి కెమెరా వాడి ఇష్టం, ఆ తర్వాత పెట్టాలి. మూడు నెలల్లో శని ఆదివారాల తాగుడు తగ్గకపోతే నేరుగా వెళ్లి కూర్చోవాలి. ఇది వాడూ ఒప్పుకున్నాడు. నాన్న ఇంకా పూర్తిగా నమ్మలేదు గానీ అడ్డు చెప్పడం లేదు.

కాల్ ఏ రోజు పెట్టుకోమంటారు? వాడు సోమవారం అంటున్నాడు.

తూర్పుగాలి:
సోమవారం వద్దండీ, అప్పటికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది, కాల్ అంతా పశ్చాత్తాపంతోనే గడుస్తుంది. గురువారం సాయంత్రం పెట్టించండి. శుక్రవారం పని అయ్యాక ఎక్కడికి వెళ్తాడు, ఎవరి ఫోన్ ఎత్తడు, ఇంటికి ఎలా వస్తాడు అన్నది ఆ రాత్రే రాసుకోవచ్చు. మీరు మాత్రం తాగి ఉన్నప్పుడు వాదించకండి. తాగని సాయంత్రాల్లో అతనితో గడపండి.

ఎర్రమందారం:
నాకు ఇప్పటికీ ఎదురుగా కూర్చోవడమే మేలనిపిస్తుంది. అయినా ఆ మూడు నెలల గడువు మంచి పని, మేం అది పెట్టుకోలేదు. ఆ తేదీ ఇప్పుడే కేలండర్‌లో రాసిపెట్టమ్మా, వాడి చేతే రాయించు.