వీడియో కాల్‌లో మోకా పరీక్ష: బల్ల మీద తట్టిన చప్పుడు వినపడట్లేదు, ఏం చేయాలి?

మతిమరుపు ఉన్న పెద్దవాళ్లకు ఇంటి నుంచే వీడియో కాల్‌లో మోకా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి చూసే 30 మార్కుల పరీక్ష) చేయిస్తున్నాం. మేం వరసగా చదివే అక్షరాల్లో చెప్పిన అక్షరం వినపడగానే బల్ల తట్టాలి కదా, కాల్ యాప్ ఆ చప్పుడును రొద అనుకుని మింగేస్తోంది. రొద తగ్గించే సెట్టింగ్ ఆపేస్తే తట్టడం వినపడుతోంది, దాంతోపాటే ఫ్యాన్ హోరు. పోనీ చెయ్యెత్తమందామంటే అది వేరే పరీక్ష అయిపోతుందేమో! విని తిరిగి చెప్పాల్సిన అంకెలు సెకనుకు ఒకటి చొప్పున చదువుతాం. నెట్ తడబడితే రెండు కలిసిపోతాయి, మళ్లీ చదవడానికి వీల్లేదు.

తేదీ అడుగుతాం కాబట్టి గోడ క్యాలెండర్ తీయించాం. ముందు గుర్తుపెట్టుకోమన్న అయిదు మాటలు అయిదు నిమిషాలాగి అడిగేటప్పుడు పక్కనుంచి కోడలుగారు అందించడం మాత్రం ఆగట్లేదు (పాపం, ఆవిడ ఉద్దేశం మంచిదే). గదంతా కనపడేలా రెండో ఫోన్ మూలన పెట్టి చూసినవాళ్లెవరైనా ఉన్నారా? ఎంత ఎత్తులో, ఎంత దూరంలో పెట్టారు?