ఈ వారం సమస్య (విశాఖ పద్యాల గుంపు; పేర్లకు బదులు పేటలు): తప్పు దిద్దకుండ దాటుటొప్పు

చినవాల్తేరు: ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. అర్థం మాత్రం ఈస్ట్ కణం నుంచే తీయాలి. మా ల్యాబులో ఈస్ట్ పూసిన ప్లేట్లను యూవీ దీపం కింద కొన్ని సెకన్లు పెట్టి, వెంటనే ఫాయిల్ చుట్టేస్తాం. యూవీ దెబ్బకి డీఎన్‌ఏలో పక్కపక్కనున్న థైమిన్ అనే అక్షరాలు రెండు అతుక్కుపోతుంటాయి. థైమిన్‌కి ఎదుటి పోగులో ఉండాల్సిన జత అక్షరం అడినిన్. వెలుతురు తగిలితే ఈస్ట్‌లోని ఒక ఎంజైమ్ ఆ దెబ్బల్ని బాగుచేసేస్తుంది. చీకట్లో ఆ సాయం ఉండదు. కొన్ని దెబ్బలు మిగిలుండగానే డీఎన్‌ఏకి నకలు తీయాలి. అయినా మూడో రోజు ఫాయిల్ విప్పితే తెల్లటి చుక్కలు, బేకరీ వాసన. అవెలా బతికాయో చెప్పండి.

మద్దిలపాలెం:
ఎండ కాటు తగిలి యిరు థైమినులు గూడ
నిలిచె నకలు; వచ్చె నేర్పరొకడు
ఎదుట నడినినులనె యిరికించె జంటగా
తప్పు దిద్దకుండ దాటుటొప్పు

సీతమ్మధార మాస్టారు: భావం బాగా పట్టావమ్మా. "నేర్పరొకడు" దగ్గర సంధి కుదరదు, "నేర్పరి యొకడు" అనాలి. అలా అంటే గణం చెడుతుంది. పైగా "ఒకడు – ఎదుట" విడిగా ఉండిపోయాయి. ఇలా చూడు:
నిలిచె నకలు, తోడు నేర్పుతోడ
నెదుట నడినినులనె యిరికించె జంటగా

మద్దిలపాలెం: మార్చుకున్నాను మాస్టారూ. "తోడు" నాకు తట్టనే లేదు.

చినవాల్తేరు: ఆ తోడు పేరు పాలిమరేజ్ ఈటా, డీఎన్‌ఏకి నకలు తీసే ఎంజైముల్లో ఒకటి. ఈస్ట్‌లో దాని జన్యువు రాడ్30. అతుక్కుపోయిన థైమిన్ల ఎదుట సరిగ్గా రెండు అడినిన్లు పెడుతుందని 1999లో సత్య ప్రకాశ్, లూయీస్ ప్రకాశ్‌ల బృందం చూపించింది. మనిషిలో ఇదే లోపిస్తే ఎండ తగిలే చర్మానికి క్యాన్సర్ ముప్పు బాగా పెరుగుతుంది. ఆర్కే బీచ్‌లో మిట్టమధ్యాహ్నం పిల్లలు ఆడుకుంటుంటే నాకు ఇదే గుర్తొస్తుంది.

గోపాలపట్నం:
చిరుగు పుటను విడిచి చెల్లి పుస్తకమును
చూచి రాసుకొనియె; సుగమమయ్యె
పాత చిరుగు పిదప బాగుచేయగవచ్చు
తప్పు దిద్దకుండ దాటుటొప్పు

సీతమ్మధార మాస్టారు: చ, స యతి చక్కగా కుదిరింది. ఇంతకీ చెల్లి ఎవరు బాబూ?

గోపాలపట్నం: అప్పుడే తయారైన పక్క పోగు, మాస్టారూ. చిరిగిన చోట ఉండాల్సిన అక్షరాలే అందులో చెక్కుచెదరకుండా ఉంటాయి.

చినవాల్తేరు: ఏ దారో తేల్చేది డీఎన్‌ఏ చుట్టూ ఉంగరంలా ఉండే పీసీఎన్‌ఏ అనే ప్రోటీన్. దాని 164వ స్థానంలోని లైసిన్ అనే అమైనో ఆమ్లానికి రాడ్6, రాడ్18 అనే ప్రోటీన్లు కలిసి ఒక్క యుబిక్విటిన్ (గుర్తులా అతికే చిన్న ప్రోటీన్) తగిలిస్తే మొదటి పద్యం దారి. రాడ్5 అనే ఇంకో ప్రోటీన్ వచ్చి దాన్ని గొలుసు చేయిస్తే రెండో పద్యం దారి. నకలు తీసే మరో ఎంజైమ్ పాలిమరేజ్ జీటా మీద మాత్రం ఎవరూ రాయలేదు. అదీ దాటిస్తుంది, కానీ వెనక తప్పులు వదులుతుంది. యూవీ తర్వాత ఈస్ట్‌లో కనిపించే ఉత్పరివర్తనాలు (డీఎన్‌ఏ అక్షరాల మార్పులు) చాలావరకు దాని చేతిరాతే. అక్కడ "ఒప్పు" అన్న మాటను ఎవరు నిలబెడతారో చూడాలని ఉంది. ఆదివారం రాత్రి దాకా సమయం ఉంది.