ఫిబ్రవరిలో శ్రీలంక: బ్యాగు భుజాన వేసుకుని బస్సుల్లో, రైళ్ళలో తిరగాలని ఉంది, సలహా కావాలి

బెజవాడ_సిరి

అందరికీ నమస్తే. నేనూ మా తమ్ముడూ ఫిబ్రవరిలో శ్రీలంక వెళ్దామనుకుంటున్నాం, రెండు వారాలు సెలవు దొరికింది. ప్యాకేజీ వద్దు, కారూ డ్రైవరూ వద్దు, అక్కడి వాళ్ళు తిరిగే బస్సుల్లోనూ రైళ్ళలోనూ తిరగాలి, చిన్న గెస్ట్‌హౌస్‌లలో ఉండాలి. ఏజెంట్లు పంపిన ప్లాన్లు చూస్తే రోజుకో ఊరు, పొద్దున్న ఎక్కడం సాయంత్రం దిగడం, మధ్యలో ఫోటోలు, అంతే. మాకు మనుషుల్ని చూడాలనుంది, వాళ్ళ ఇళ్ళలో ఏం తింటారో, గుళ్ళకి ఎలా వెళ్తారో. నేను శాకాహారిని, తమ్ముడు అన్నీ తింటాడు. ఎటు నుంచి ఎటు వెళ్తే మంచిది, తిండి ఇబ్బంది అవుతుందా, బౌద్ధ ఆలయాల్లో పాటించాల్సినవి ఏమిటి, ఇవి తెలిసినవాళ్ళు చెప్పండి. జాఫ్నా అంటే మా అమ్మ టెన్షన్ పడుతోంది, అది కూడా చెప్పండి.

కొండదారి

సిరి గారూ, మంచి నెల ఎంచుకున్నారు. ఆ దేశానికి రెండు రుతుపవనాలు, మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వైపు వాన, అక్టోబరు చివర నుంచి జనవరి దాకా ఈశాన్యం వైపు వాన, ఫిబ్రవరికి ఆ రెండోది కూడా తగ్గిపోతుంది కాబట్టి కొండలూ దక్షిణ తీరమూ ఉత్తరమూ అన్నీ తిరగొచ్చు. కానీ తిరగొచ్చు కదా అని అన్నీ పెట్టుకోకండి. నా మాట వింటే నాలుగు చోట్లే పెట్టుకోండి, ఒక్కో చోట కనీసం మూడు రాత్రులు ఉండండి. మొదటి రోజు మీరు టూరిస్టులు, మూడో రోజుకి టీకొట్టు ఆయన మిమ్మల్ని గుర్తుపట్టి పలకరిస్తాడు, మీరు అడుగుతున్నది అదే కదా.

నేనైతే కొలంబోలో ఎక్కువ ఆగకుండా రైల్లో కాండీ వెళ్తాను, అక్కణ్ణించి హాటన్, హాటన్ నుంచి బస్సులో నల్లతన్నియ, శ్రీపాద కొండ ఎక్కడానికి. ఫిబ్రవరి ఆ యాత్రకి సరైన కాలం, డిసెంబరు పున్నమికి మొదలై మే నెల వెసాక్ పున్నమితో ముగుస్తుంది. ఎత్తు 2,243 మీటర్లు, మెట్లు ఐదు వేల పైనే. అర్ధరాత్రి దాటాక బయల్దేరి సూర్యోదయానికి పైకి చేరతారు, దారంతా దీపాలు, టీకొట్లు. పైనున్న పాదముద్ర బౌద్ధులకి బుద్ధుడిది, హిందువులకి శివుడిది, ముస్లింలకీ కొందరు క్రైస్తవులకీ ఆదాముది, అందరూ అదే మెట్లమీద ఎక్కుతారు. చంటిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులూ, డెబ్బై దాటిన అవ్వలూ కనపడతారు, తెల్లచీర కట్టుకుని మెల్లగా మెట్టుమెట్టుకీ ఆగుతూ ఎక్కుతుంటారు. ఎదురైన యాత్రికులు "కరుణవై" అని పలకరించుకుంటారు, మీరూ అనండి, ఆ ముఖాలు ఎంత వెలుగుతాయో చూడండి. శని ఆదివారాలూ పున్నమీ మాత్రం వద్దు, మెట్లమీద గంటలకొద్దీ కదలరు.

కొండల్లో టీ తోటల మీదుగా వెళ్ళే కాండీ-ఎల్లా రైలు గురించి అందరూ అడుగుతారు. రిజర్వేషన్ సీట్లు నెల ముందు తెరుస్తారు, చూస్తుండగానే అయిపోతాయి. దొరక్కపోయినా దిగులుపడకండి, రిజర్వేషన్ లేని సెకండ్, థర్డ్ క్లాసు టికెట్లు ఆ రోజే స్టేషన్‌లో ఇస్తారు, చాలా చవక. మనుషుల్ని చూడాలంటే ఆ పెట్టెలే. తలుపు దగ్గర వేలాడుతూ ఫోటోలు మాత్రం వద్దు, అలా ప్రాణాలు పోయినవాళ్ళున్నారు.

ఇంకొకటి. కిటికీలోంచి పచ్చగా కనపడే ఆ టీ తోటల్లో ఆకు కోసే ఆడవాళ్ళని ఆపి ఫోటోలు తీసేవాళ్ళని చూస్తే నాకు మనసు కలుక్కుమంటుంది. వాళ్ళ తాతముత్తాతల్ని బ్రిటిష్‌వాళ్ళు తమిళ ప్రాంతం నుంచి కూలికి తీసుకెళ్ళారు. స్వతంత్రం వచ్చిన ఏడాదే, 1948లో, వచ్చిన పౌరసత్వ చట్టంతో వాళ్ళలో లక్షలమంది ఏ దేశానికీ చెందనివాళ్ళయ్యారు. ఇప్పటికీ చాలామంది తోటల్లోని లైన్ ఇళ్ళలోనే, అంటే కూలీల కోసం వరసగా కట్టిన చిన్న గదుల్లోనే ఉంటున్నారు. మాట్లాడండి, టీ తాగండి, అడగకుండా కెమెరా ఎత్తకండి.

ఉప్పూకారం

తిండి గురించి నేను చెప్తాను. అమ్మాయ్ సిరీ, నువ్వు చూసుకోవాల్సింది ఒక్కటే, ఉంబలకడ. అంటే ఎండబెట్టిన మాల్దీవు చేప, పొడి చేసి కొబ్బరి సంబల్‌లో, ఉల్లి కారంలో, ఒక్కోసారి కూరగాయల కూరల్లో కూడా వేస్తారు. వాళ్ళ దృష్టిలో అది పోపులాంటిది, అందుకని "వెజ్" అని చెప్పినా పెట్టేస్తారు, నిన్ను మోసం చెయ్యాలని కాదు. "ఉంబలకడ వద్దు" అని ముందే చెప్పు. రైల్లో అమ్మే వడల్లో కూడా ఇస్సో వడ అంటే రొయ్య ఉన్నది, పరిప్పు వడ అంటే మన పప్పు వడే, అది తిను.

మిగతాది నీకు పండగే. మధ్యాహ్నం అన్నం, కూరలు అని అడిగితే పప్పు, పనసకాయ, బీట్‌రూట్, చిక్కుడు, ఏదో ఒక ఆకు తురిమి కొబ్బరితో కలిపిన మల్లుం, అన్నీ కొబ్బరిపాలతో. చేత్తోనే తింటారు కాబట్టి మనకి అలవాటే. పొద్దున్న అప్పం, ఇడియాప్పం. మట్టి మూకుడులో గేదె పెరుగు, దానిమీద జీలుగు చెట్టు కల్లు కాచి తీసిన పానీ పోసుకుని తింటారు, అది తినకుండా రాకు. రాత్రిపూట వీధిలో ఇనుప పెనం మీద టకటకా చప్పుడు వినపడితే కొత్తు రొట్టె, అంటే రొట్టెని ముక్కలు చేసి కూరతో కలిపేది, కొడుతున్నారని అర్థం, కూరగాయలతో కూడా చేస్తారు, కానీ పెనం ఒకటే, అది నీ ఇష్టం. జాఫ్నాలో, కొలంబో వెల్లవత్తలో శుద్ధ శాకాహార హోటళ్ళు చాలా ఉన్నాయి, అక్కడ ఏ అనుమానం అక్కర్లేదు.

ఆలయాల్లో భుజాలూ మోకాళ్ళూ కప్పుకోవాలి, చెప్పులే కాదు టోపీ కూడా తియ్యాలి. తెల్లబట్టలు ఒక జత పెట్టుకెళ్ళు. బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి ఫోటో దిగకూడదు, దీన్ని వాళ్ళు చాలా గట్టిగా పట్టించుకుంటారు. బుద్ధుడి టాటూ ఉందని 2014లో ఒక బ్రిటిష్ టూరిస్టుని దేశం నుంచి పంపేశారు. మీ తమ్ముడికి అలాంటి టాటూ ఏదన్నా ఉంటే ఇప్పుడే చెప్పు. బస్సులో ముందు సీట్లు భిక్షువులవి, ఖాళీగా ఉన్నాయని కూర్చుంటే ఆయన ఎక్కినప్పుడు లేవాలి. రద్దీ బస్సుల్లో నువ్వు ఆడవాళ్ళ పక్కన కూర్చో, చెయ్యి వేసే మగాళ్ళు అక్కడా ఉన్నారు.

బెజవాడ_సిరి

ఇద్దరికీ చాలా థాంక్స్. శ్రీపాద ఖాయం చేసేశాం. జాఫ్నా ఎవరూ చెప్పలేదు. ఇంకొకటి, శ్రీలంకలో తెలుగు మాట్లాడేవాళ్ళు ఉన్నారని ఎక్కడో విన్నాను, నిజమేనా?

పల్నాటి పాంథుడు

జాఫ్నా వెళ్ళండి అమ్మా, మీ అమ్మగారికి ధైర్యం చెప్పండి. యుద్ధం 2009లోనే ముగిసింది, కొలంబో నుంచి నేరుగా రైలుంది. దారిలో అనూరాధపురం దిగండి. అక్కడి బోధివృక్షం క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో సంఘమిత్ర తెచ్చిన కొమ్మ నుంచి వచ్చిందంటారు, జనం తెల్లబట్టల్లో తామరపూలు పట్టుకుని వస్తుంటారు. మా నాగార్జునకొండ శాసనంలో సింహళ విహారం ప్రస్తావన ఉంది, ఆ రోజుల్లో అక్కడి భిక్షువులు కృష్ణ ఒడ్డున ఉన్నారన్నమాట. పల్నాడువాణ్ణి కాబట్టి ఆ స్తూపాల దగ్గర నాకు పరాయి ఊరన్న భావనే రాలేదు.

జాఫ్నాలో నల్లూరు మురుగన్ గుడికి వెళ్తే మీ తమ్ముడు చొక్కా విప్పాలి. లైబ్రరీ తప్పక చూడండి, 1981లో తగలబెట్టారు, దాదాపు 97 వేల పుస్తకాలూ తాళపత్రాలూ బూడిదయ్యాయి, మళ్ళీ కట్టుకున్నారు. అక్కడివాళ్ళని యుద్ధం సంగతి మీరుగా అడగకండి. ఇంటివాళ్ళు వాళ్ళంతట వాళ్ళు చెప్తే కూర్చుని వినండి. పొద్దున్నే బస్సెక్కి కురికట్టువాన్ రేవుకి, అక్కణ్ణించి పడవలో నైనాతీవుకి వెళ్ళండి, చిన్న దీవి, నాగపూషణి అమ్మవారి గుడీ నాగదీప బౌద్ధ విహారమూ రెండూ నడిచే దూరంలోనే ఉన్నాయి, ఒకే పడవలో రెండు రకాల భక్తులూ వస్తారు.

తెలుగు సంగతి నిజమే. అహికుంటిక అని పాములవాళ్ళ సమూహం, ఇంట్లో తెలుగే, తూర్పున అక్కరైపట్టు దగ్గర అలికంబెలో, ఇంకా అనూరాధపురం జిల్లాలో ఉన్నారు. ఒకప్పుడు గాడిదలమీద సామాను వేసుకుని ఊరూరా తిరిగేవాళ్ళు, ఇప్పుడు చాలామంది స్థిరపడ్డారు. తెలిసినవాళ్ళు తీసుకెళ్తే వెళ్ళండి, లేకపోతే వద్దు. తెలుగు వినాలన్న కుతూహలంతో ఫోను పట్టుకుని వాళ్ళ గుమ్మంలో నిలబడటం నాకు నచ్చదు, వాళ్ళు ఇప్పటికే చాలా చిన్నచూపు భరించారు.

కాండీ రాజుల్లో చివరి నలుగురు దక్షిణ భారతం నుంచి వచ్చిన నాయక్కర్ల వంశంవాళ్ళు, మూలం తెలుగే, 1739 నుంచి 1815 దాకా ఏలారు. కాండీలో బుద్ధుడి దంతం ఉంచిన దంతాలయం పక్కనున్న చెరువు చివరి రాజు తవ్వించిందే, ఆయన్ని బ్రిటిష్‌వాళ్ళు వేలూరు కోటలో బందీగా ఉంచారు. సాయంత్రం పూజకి డోళ్ళు మోగేటప్పుడు దంతాలయంలో ఉండేలా చూసుకోండి.

కొండదారి

ఒకటి మర్చిపోయాను సిరి గారూ. ఫిబ్రవరి పున్నమికి కొలంబో గంగారామయ ఆలయం నవం పెరహెర ఊరేగింపు తీస్తుంది, ఏనుగులూ కాండీ నర్తకులూ వస్తారు. మీ తేదీలు కుదిరితే చూడండి. పున్నమి రోజు దేశమంతా సెలవు, మద్యం అమ్మరు, బస్సులు కిటకిటలాడతాయి, ఆ రోజు ప్రయాణం పెట్టుకోకండి. టికెట్లు తీసుకున్నాక తేదీలు ఇక్కడ రాయండి, కాండీ నుంచి హాటన్ రైలు ఏది పట్టుకోవాలో చూసి చెప్తాను.