ఓపెన్ లైసెన్సు పాఠాలను తెలుగులోకి మార్చి బుక్‌లెట్ వేస్తున్నాం: ఏది దేనితో కలపొచ్చు, క్రెడిట్ ఎలా రాయాలి?

రేణిగుంట_టీచర్:

అందరికీ నమస్కారం. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో పంచడానికి తరగతిలో టెక్నాలజీ వాడకం మీద తెలుగులో 64 పేజీల బుక్‌లెట్ తయారవుతోంది. బడుల్లోకి ఐఎఫ్‌పీ ప్యానెళ్లు (వేలితో తాకి నడిపే పెద్ద తెరలు) వచ్చాయి గానీ, వాటితో పాఠం ఎలా నడపాలో చెప్పే మెటీరియల్ తెలుగులో తక్కువ. అందుకే నెట్‌లో ఓపెన్ లైసెన్సుతో ఉన్నవి తీసుకుని మన పిల్లలకు తగ్గట్టు మారుస్తున్నాం. చేతిలో ఉన్నవి ఇవి (సీసీ అంటే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు; బై అంటే క్రెడిట్ ఇవ్వాలి, ఎస్‌ఏ అంటే మార్చినదాన్ని అదే లైసెన్సుతో పంచాలి, ఎన్‌సీ అంటే వ్యాపారానికి వాడకూడదు, ఎన్‌డీ అంటే మార్చినదాన్ని పంచకూడదు):

యునెస్కో వాళ్ల టీచర్ల ఐసీటీ (కంప్యూటర్, ఇంటర్నెట్ లాంటి సాంకేతికత) సామర్థ్యాల ఫ్రేమ్‌వర్క్ (సీసీ బై-ఎస్‌ఏ 3.0 ఐజీవో). స్ప్రెడ్‌షీట్‌తో సగటు నేర్పే పాఠం (సీసీ బై 4.0). వీడియో ఆపి ఆపి ప్రశ్నలడిగే పద్ధతి మీద మాడ్యూలు (బై-ఎన్‌సీ-ఎస్‌ఏ 4.0). ఆన్‌లైన్ క్విజ్‌ల మీద మాడ్యూలు (బై-ఎస్‌ఏ 4.0). పాస్‌వర్డ్ జాగ్రత్తల పోస్టరు (బై-ఎన్‌సీ-ఎన్‌డీ 4.0). ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం పీడీఎఫ్ నుంచి రెండు బొమ్మలు.

వీడియో మాడ్యూలునీ క్విజ్ మాడ్యూలునీ కలిపి ఒకే పాఠం చేద్దామనుకుంటున్నాం. కాపీకి 40 రూపాయలు తీసుకోవచ్చా? చివరి పేజీలో అన్నిటికీ కలిపి ఒక కృతజ్ఞతల పేరా రాస్తే సరిపోతుందా? ఎవరూ మార్చకుండా పీడీఎఫ్‌కి లాక్ వేయాలని ఒక సార్ అంటున్నారు, వేయొచ్చా?

పాకాల_మేష్టారు:

మేడమ్, క్రెడిట్ సంగతి తర్వాత చూద్దాం. ఏది దేనితో కలుస్తుందో తేలకుండా అనువాదం మొదలుపెడితే, సగం అయ్యాక పాఠాలు విడదీసుకుంటూ కూర్చోవాలి.

వీడియో మాడ్యూలు, క్విజ్ మాడ్యూలు కలిపి ఒకే పాఠం చేయడం కుదరదు. బై-ఎస్‌ఏ ఏమంటుందంటే, నన్ను మార్చి పంచితే మళ్లీ బై-ఎస్‌ఏ కిందే పంచు అని. బై-ఎన్‌సీ-ఎస్‌ఏ కూడా తన లైసెన్సే ఉండాలంటుంది. ఒక పాఠానికి రెండూ ఒకేసారి పెట్టలేం. ఒకటి వ్యాపారానికి వాడుకోవచ్చంటుంది, ఇంకొకటి కూడదంటుంది. అందుకని వాటిని వేర్వేరు పాఠాలుగా ఉంచండి. ఒకే బుక్‌లెట్‌లో పక్కపక్కన ఉంటే తప్పు లేదు, అది సంకలనం కిందికి వస్తుంది, ఏ పాఠం లైసెన్సు దానిదే. ఒకదాని పేరాలు ఇంకొకదానిలోకి వెళ్లి అల్లుకుపోతేనే చిక్కు.

సీసీ బై పాఠంతో ఏ బాధా లేదు. స్ప్రెడ్‌షీట్ పాఠంలోని ముక్కల్ని పై రెండిట్లో దేనిలోనైనా కలుపుకోవచ్చు, క్రెడిట్ ఇస్తే చాలు.

యునెస్కోది మాత్రం వేరే అధ్యాయంగా పెట్టి, అదే 3.0 ఐజీవో లైసెన్సు కింద వదిలేయండి. ఐజీవో అంటే అంతర్ ప్రభుత్వ సంస్థల కోసం రాసిన రూపం. 2018 నాటి మూడో వెర్షన్‌లో 6 అంశాలు, 3 స్థాయిలు, మొత్తం 18 సామర్థ్యాలు ఉంటాయి. ఆ పట్టికను అనువదించొచ్చు, కుదించొచ్చు. కుదిస్తే కుదించామని రాయాలి. లోగో పెట్టొద్దు. లైసెన్సు వచనానికే గానీ లోగోకి కాదు, పైగా మీది వాళ్ల అధికారిక అనువాదం అనిపిస్తుంది. కాదని ఒక వాక్యం రాసి పెట్టండి.

పోస్టరు ఎన్‌డీ కదా, అనువాదం చేసి పంచకూడదు. 4.0 వెర్షన్‌లో ఎన్‌డీ ఉన్నదాన్ని మార్చుకుని మీ దగ్గర ఉంచుకోవడానికి అభ్యంతరం లేదు, ఇతరులకు పంచడమే కూడదు. మూలాన్ని ఉన్నదున్నట్టు, అంచులు కూడా కత్తిరించకుండా వేయొచ్చు. ఇంగ్లిష్ పోస్టరు ఎవరు చదువుతారంటారా, పాస్‌వర్డ్ జాగ్రత్తలు ఎవరి సొత్తూ కాదు. ఆ పోస్టరు పక్కన పెట్టేసి, మీ మాటల్లో, మీ బొమ్మలతో కొత్తది వేసుకోండి. కాపీరైట్ ఉండేది చెప్పిన తీరుకే, చెప్పిన విషయానికి కాదు.

ఎన్‌సీఈఆర్‌టీ పీడీఎఫ్‌లు ఉచితంగా దిగుతాయి గానీ ఓపెన్ కావు. అనుమతి లేకుండా పునర్ముద్రించకూడదని మొదటి పేజీల్లోనే ఉంటుంది. మన కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 52(1)(ఐ) బోధనలో భాగంగా టీచరు కాపీ చేసుకోవడానికి వీలిస్తుంది. దాన్ని ఆధారం చేసుకుని మీ తరగతిలో చూపించడం వేరు, అందరూ మార్చుకోండి అని సీసీ ముద్ర వేసి బుక్‌లెట్‌లో పెట్టడం వేరు. మీది కాని హక్కును మీరు ఇంకొకరికి ఇవ్వలేరు. ఆ రెండు బొమ్మలు మళ్లీ గీయించండి.

ఇంకో మాట. ఓపెన్ మాడ్యూళ్ల లోపల కూడా వేరేవాళ్ల ఫొటోలు, స్క్రీన్‌షాట్లు ఉంటాయి, కింద చిన్న అక్షరాల్లో 'అనుమతితో' అని రాసి ఉంటుంది. ఆ అనుమతి వాళ్లకు వచ్చింది, మనకు కాదు. ప్రతి బొమ్మ కిందా చూసుకోండి.

మంగళం_లైబ్రరీ:

క్రెడిట్ గురించి నేను చెబుతా. చివరి పేజీలో ఒక పేరా చాలదు. వాట్సాప్‌లో ఒక్కో పేజీ విడిగా ఫొటోలుగా తిరుగుతుంది, కృతజ్ఞతల పేజీని ఎవరూ ఫార్వర్డ్ చేయరు. ప్రతి పాఠం మొదటి పేజీ అడుగున పూర్తి క్రెడిట్, మిగతా పేజీల ఫుటర్‌లో ఒక లైను పెట్టండి.

ఉండాల్సినవి: శీర్షిక, రచయిత, మూలం లింకు, లైసెన్సు పేరు వెర్షన్‌తో సహా, లైసెన్సు లింకు, మీరు చేసిన మార్పు. శీర్షిక 3.0లో తప్పనిసరి, 4.0లో తప్పనిసరి కాదు. అయినా రాయండి, లింకు పోయిన రోజు మూలాన్ని వెతకడానికి మిగిలేది అదే. మూలంలో కాపీరైట్ నోటీసు, వారంటీ లేదన్న నోటీసు ఉంటే అవి కూడా ఉంచాలి.

యునెస్కో అధ్యాయానికి ఇలా రాయొచ్చు:

"ఈ అధ్యాయం 'యునెస్కో ఐసీటీ కాంపిటెన్సీ ఫ్రేమ్‌వర్క్ ఫర్ టీచర్స్, వెర్షన్ 3' (యునెస్కో, 2018) కు తెలుగు అనుసరణ. మూలం: (లింకు). మూలం లైసెన్సు: సీసీ బై-ఎస్‌ఏ 3.0 ఐజీవో (లింకు). మార్పులు: తెలుగులోకి అనువదించాం, సామర్థ్యాల పట్టికను కుదించాం, ఉదాహరణలు ఆంధ్రప్రదేశ్ ఉన్నత పాఠశాలలకు తగ్గట్టు రాశాం. ఇది యునెస్కో అధికారిక ప్రచురణ కాదు. ఈ అనుసరణ కూడా సీసీ బై-ఎస్‌ఏ 3.0 ఐజీవో కింద లభ్యం."

'ఫలానా వారి సౌజన్యంతో' అని రాయకండి. వాళ్లేదో మీ బుక్‌లెట్‌ని ఆమోదించినట్టు ధ్వనిస్తుంది, అలా అనిపించకూడదని లైసెన్సులోనే ఉంది. ఇక 'సేకరణ' అని రాసి కింద మన పేరు వేసుకునే అలవాటైతే చెప్పనే అక్కర్లేదు.

మార్పుల నోటు రాయాలంటే ఏం మార్చారో గుర్తుండాలి. మొదటి రోజు నుంచే ఒక షీటు పెట్టండి: పాఠం, మూలం లింకు, దించుకున్న తేదీ, లైసెన్సు, మార్చింది ఏమిటి, మార్చింది ఎవరు. లైసెన్సు కనిపించేలా మూలం పేజీని పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. రేపు వాళ్లు సైటులో లైసెన్సు మార్చినా, పాత లైసెన్సుతో మీరు తీసుకున్న కాపీ మీద మీకున్న హక్కు పోదు. కానీ అడిగినవాళ్లకు చూపించడానికి ఏదో ఒకటి ఉండాలిగా.

పీడీఎఫ్ లాక్ వద్దు. లైసెన్సు ఇచ్చిన హక్కులకు అడ్డొచ్చే సాంకేతిక తాళాలు వేయకూడదని సీసీ లైసెన్సులన్నిట్లోనూ షరతు ఉంది. కాపీ, ప్రింట్ ఆపే పాస్‌వర్డ్ అలాంటిదే. ఎవరో మార్చి మీ పేరు చెడగొడతారనే భయం ఉంటే, మార్చినవాళ్లు మార్చామని చెప్పాలనే షరతు మీకూ అండగా ఉంటుంది.

రేణిగుంట_టీచర్:

ధన్యవాదాలు సార్, మేడమ్. పోస్టరు, ఎన్‌సీఈఆర్‌టీ బొమ్మలు తీసేస్తున్నాం. స్ప్రెడ్‌షీట్ పాఠంలో 12 నెలల కరెంటు బిల్లులు డాలర్లలో ఉన్నాయి. వాటి బదులు చిత్తూరు తోతాపురి మామిడి ధరలు పెడదామని, సీజన్లో 8 వారాలవి. అంకెలు మార్చేస్తే చాలు కదా?

పాకాల_మేష్టారు:

చాలదు. 12 వరుసల పట్టిక 8 వరుసలైతే ఫార్ములా, కింద వివరణ, వ్యాయామాల జవాబులు అన్నీ కదులుతాయి. మూలంలో సగటు బీ2 నుంచి బీ13 దాకా తీస్తారు, మీకది బీ9తో ఆగాలి. ఫార్ములా అలాగే వదిలేసినా జవాబు సరిగానే వస్తుంది, ఎందుకంటే సగటు తీసేటప్పుడు ఖాళీ గడుల్ని స్ప్రెడ్‌షీట్ లెక్కలోకి తీసుకోదు. కానీ పిల్లవాడెవడో ఖాళీ గడిలో సున్నా కొడితే దాన్ని మాత్రం లెక్కేస్తుంది, సగటు ఢామ్మని పడిపోతుంది. నిజానికి అదే మంచి వ్యాయామం, కావాలనే పెట్టండి: ఖాళీకీ సున్నాకీ తేడా ఏమిటి, ఆ వారం కొనుగోలు లేదా, లేక ధరే సున్నానా?

యూనిట్ కూడా చూసుకోండి. ఒకచోట టన్ను ధర, ఇంకోచోట కిలో ధర పడితే గ్రాఫు పిచ్చిగా వస్తుంది. భాషా ప్రాంతం సెట్టింగ్‌ను ఇండియాకి మార్చకపోతే కామాలు లక్షల లెక్కన పడవు, 1,00,000 బదులు 100,000 కనిపిస్తుంది. ధరలు యార్డు నుంచి తెచ్చినవైతే పట్టిక కింద యార్డు పేరు, తేదీలు రాయండి. ఊహించి వేసినవైతే ఊహించినవనే రాయండి. లేదంటే మూలం రచయిత పేరు కింద మీ అంకెలు నిలబడతాయి, అది ఆయనకు అన్యాయం. మార్పుల నోటులో "కరెంటు బిల్లుల పట్టిక స్థానంలో మామిడి ధరల పట్టిక, వ్యాయామాలు కొత్తవి" అని స్పష్టంగా ఉండాలి.

మెనూ పేర్లు అనువదించకండి. తెర మీద 'ఇన్సర్ట్' అని ఉంటే పుస్తకంలోనూ 'ఇన్సర్ట్' అనే ఉండాలి.

డీటీపీ_గాంధీరోడ్:

ప్రింటు వైపు నుంచి రెండు ముక్కలు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేయించకండి. అచ్చులో అందంగానే ఉంటుంది గానీ, ఆ పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే అక్షరాల బదులు పిచ్చి గుర్తులొస్తాయి, వెతికితే ఒక్క తెలుగు మాటా దొరకదు. రేపు ఇంకొకరు దీన్ని మార్చుకోవాలంటే మొత్తం మళ్లీ టైపు చేయాల్సిందే, ఇక ఓపెన్ లైసెన్సు ఇచ్చి ఏం లాభం? యూనికోడ్‌లో చేయించండి. మండలి, రామభద్ర, సూరన్న లాంటి ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో ఉచితంగా ఉన్నాయి. ఫాంటుకున్న లైసెన్సు మీ పుస్తకానికి అంటుకోదు, ఆ భయం వద్దు. పీడీఎఫ్‌తో పాటు ఎడిట్ చేయగలిగే ఫైలు కూడా పెట్టండి.

అచ్చు కాపీలో 'ఇక్కడ నొక్కండి' ఎవరూ నొక్కలేరు. లింకు పూర్తిగా రాయాలి, పొడవైతే పక్కన క్యూఆర్ కోడ్. క్యూఆర్‌ని నేరుగా అసలు లింకుతోనే తయారు చేయండి. కొన్ని ఉచిత సైట్లు మధ్యలో తమ లింకు పెడతాయి, గడువు తీరాక స్కాన్ చేస్తే ప్రకటన వస్తుంది. సైజు 2 సెంటీమీటర్లకు తగ్గిస్తే జిరాక్సు కాపీలో స్కాన్ కావడం కష్టం.

మంగళం_లైబ్రరీ:

40 రూపాయల ప్రశ్న మిగిలింది. ఎన్‌సీ అడ్డొచ్చేది వీడియో పాఠానికి ఒక్కదానికే. 4.0లో నిర్వచనం ప్రకారం వాణిజ్య లాభం గానీ డబ్బు ప్రతిఫలం గానీ ప్రధాన ఉద్దేశం కాకూడదు. ప్రింటింగ్ షాపు వాడు తన కూలి తీసుకోవడం తప్పు కాదు. అమెరికాలో గ్రేట్ మైండ్స్ అనే ప్రచురణ సంస్థ ఇదే విషయం మీద ఫెడెక్స్ ఆఫీస్ మీద కేసు వేసింది. బడుల కోసం డబ్బు తీసుకుని జిరాక్సు తీసిన షాపు ఎన్‌సీ షరతు మీరినట్టు కాదని అప్పీలు కోర్టు 2018లో తేల్చింది. మన కోర్టులకు అది కట్టుబాటు కాదు గానీ, తర్కం పనికొస్తుంది.

మీరు టీచర్ల దగ్గర తీసుకునేది ప్రింటు ఖర్చు దాటకపోతే ఆ నిర్వచనానికి దగ్గర్లోనే ఉంటారు, అయినా గీత మీద నడిచినట్టే. ఆ పాఠం రచయితకు ఒక మెయిల్ పెడితే గీత గొడవే ఉండదు. లేదా ఆ ఒక్క పాఠాన్ని విడిగా ఉచిత పీడీఎఫ్‌గా ఇచ్చి, బుక్‌లెట్‌లోంచి తీసేయండి. వెనక అట్ట మీద కోచింగ్ సెంటర్ ప్రకటన తీసుకుని ఖర్చు సర్దుకుందామని మాత్రం అనుకోకండి, ఎన్‌సీ ఉద్దేశానికి అదే అసలు ఎదురు.

నగరి_తమిళ్‌మీడియం:

ఇది అయ్యాక మా వైపు తమిళ మీడియం బడుల కోసం తెలుగు ప్రతి నుంచి తమిళంలోకి చేసుకోవచ్చా? అప్పుడు క్రెడిట్ ఎవరికి?

మంగళం_లైబ్రరీ:

తప్పకుండా చేసుకోవచ్చు సార్, ప్రతి పాఠం లైసెన్సు ప్రకారం. క్రెడిట్ ఇద్దరికీ. ముందు మూలం, తర్వాత తెలుగు అనుసరణ, ఆ తర్వాత మీరు. తెలుగువాళ్లు రాసిన మార్పుల నోటు తీసేయకుండా దాని కింద మీది చేర్చండి, ముందు జరిగిన మార్పుల సూచనను కూడా నిలపమని 4.0 అడుగుతుంది. మూలం రచయిత పేరును తెలుగు లిపి నుంచి తమిళ లిపిలోకి మార్చకండి, రెండు చేతులు మారేసరికి పేరు గుర్తుపట్టలేకుండా పోతుంది. ఇంగ్లిష్ స్పెల్లింగు మూలంలో చూసి పక్కనే పెట్టండి. అనువాదం మాత్రం వీలైతే ఇంగ్లిష్ మూలాన్ని పక్కన పెట్టుకుని చేయండి, తెలుగులో ఎక్కడైనా తప్పు దొర్లి ఉంటే అది తమిళంలోకీ పోతుంది.

పాకాల_మేష్టారు:

మేడమ్, క్రెడిట్లో ఏదైనా తప్పు పోయిందని అచ్చయ్యాక తెలిస్తే కంగారు పడకండి. 4.0 లైసెన్సుల్లో తప్పు తెలిసిన 30 రోజుల్లోపు సరిదిద్దితే పోయిన హక్కులు వాటంతటవే తిరిగొస్తాయి. మామూలు 3.0లో ఆ వెసులుబాటు లేదు గానీ, యునెస్కో వాడిన 3.0 ఐజీవోలో ఉంది. అయినా ప్రూఫు ఇద్దరితో చూపించండి. పీడీఎఫ్ వెంటనే మార్చేయొచ్చు, అచ్చు కాపీలకు సవరణ చీటీ అంటించాలి.