పీజో బిళ్ల కెపాసిటెన్స్ లెక్కలో సగమే వస్తోంది, ఎక్కడ తేడా?

ఫైనల్‌ఇయర్_బాధితుడు: పొద్దుట్నుంచి దీని మీదే కూర్చున్నా, బుర్ర వేడెక్కిపోయింది. పీజడ్‌టీ-5ఎ బిళ్ల (నొక్కితే ఛార్జి, వోల్టేజీ పెడితే కదలిక ఇచ్చే పీజో సిరామిక్), 20 మిల్లీమీటర్ల వ్యాసం, 1 మిల్లీమీటరు మందం. మీటర్లో 4.7 నానోఫారడ్ చూపిస్తోంది, సమీకరణాల్లో వేస్తే 2.3 వస్తోంది. మీటరు మార్చా, వైర్లు మార్చా, ఏం లాభం లేదు. విలువలన్నీ డేటాషీట్‌లోవే. రేపు గైడ్‌కి చూపించాలి. సమీకరణాలే తప్పా ఏంటి?

సోల్డర్_బాబాయ్: వైర్లు మార్చా అన్నావు చూడు, అక్కడే ఉంది తమ్ముడూ తిరకాసు. ఐరన్ ఎంతసేపు ఆనించావు? ఆ బిళ్లకి క్యూరీ ఉష్ణోగ్రత, అంటే పీజో గుణం పోయే వేడి, 365 డిగ్రీల చుట్టుపక్కల, నువ్వు వేడి ఐరన్ మొన వెండి పూత మీద నొక్కి పట్టుకుంటే బిళ్లలో పోలింగ్ (తయారీలో ఫీల్డ్ పెట్టి ఇచ్చిన దిశ) పోకుండా ఎలా ఉంటుంది? తాకించి తీసెయ్యాలి అంతే. అదీ వెండి కలిసిన సోల్డర్‌తో, లేకపోతే పూత అందులో కరిగి లేచి వచ్చేస్తుంది. కుర్రాళ్లకి చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది.

క్లుప్తం: ఏ జత సమీకరణాలు? ఏది సున్నా పెట్టావు?

ఫైనల్‌ఇయర్_బాధితుడు: బాబాయ్, సోల్డర్ చెయ్యలేదు, క్లిప్పులే పెట్టా. క్లుప్తం గారూ, మామూలు పీజో సమీకరణాలేనండీ.

క్లుప్తం: మామూలువి నాలుగు జతలున్నాయి.

మెష్_మాంత్రికుడు: అన్సిస్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో వేస్తున్నావా బ్రో? దిశల జతలకి వరస నంబర్లిచ్చే వోయిట్ పద్ధతిలో 4 అంటే 23, అన్సిస్‌లో నాలుగోది 12. ఆ వరసలు సర్దకుండా మాట్రిక్స్ ఎక్కిస్తే డి15 అనే పీజో గుణకం వెళ్లి వేరే గడిలో కూర్చుంటుంది, మా ల్యాబ్‌లో సగం గొడవలు దీంతోనే.

ఫైనల్‌ఇయర్_బాధితుడు: సాఫ్ట్‌వేర్ ఏం లేదు బ్రో, చేత్తోనే. నేను వాడింది ఇది: ఛార్జి సాంద్రత = ఈ × స్ట్రెయిన్ + పర్మిటివిటీ × ఫీల్డ్. ఇందులో ఈ అంటే షీట్‌లోని పీజో గుణకం. బిళ్ల టేబుల్ మీద ఊరికే పడుంది, ఎవరూ నొక్కట్లేదు కాబట్టి స్ట్రెయిన్ (ఆకారంలో మార్పు) సున్నా. ఇక మిగిలింది పర్మిటివిటీయే కదా, షీట్‌లో 830 ఉంది, వేశా.

క్లుప్తం: నొక్కకపోతే సున్నా అయ్యేది స్ట్రెస్ (లోపలి ఒత్తిడి). స్ట్రెయిన్ కాదు.

ఫైనల్‌ఇయర్_బాధితుడు: రెండూ కలిసే సున్నా అవుతాయిగా?

సిరామిక్_మేడమ్: మామూలు ఇనుప ముక్కకైతే అవుతాయి బాబూ, ఇది పీజో. మీటరు వోల్టేజీ పెట్టగానే బిళ్ల దానంతటదే కదులుతుంది. అడ్డుకునేవాళ్లు లేరు కాబట్టి స్ట్రెస్ ఉండదు, స్ట్రెయిన్ మాత్రం ఉంటుంది. 1 వోల్టు అనుకో, ఫీల్డ్ మీటరుకు 1000 వోల్టులు. పర్మిటివిటీ 830తో వచ్చేది చదరపు మీటరుకు 7.35 మైక్రోకూలంబులు, నువ్వు ఇక్కడితో ఆగిపోయావు. మందం దిశలో డి33, అంటే వోల్టుకి కదలిక, 374 పికోమీటర్లు, దాన్ని ఫీల్డ్‌తో, ఈ33 15.8తో గుణించు, ఇంకో 5.91. అడ్డంగా రెండు దిశల్లో డి31 మైనస్ 171, ఈ31 మైనస్ 5.4, మైనస్సులు రెండూ పోయి 1.85. మొత్తం 15.1. బిళ్ల వైశాల్యంతో గుణించి చూసుకో, నీ 4.7 వస్తుంది. ఇంత తిరగక్కర్లేకుండా షీట్‌లోనే ఇంకో వరస ఉంటుంది, 1700 అని, పైన స్ట్రెస్‌కి గుర్తుగా టి ఉంటుంది. వదిలేసిన బిళ్లకి అది, కదలకుండా బిగించిన బిళ్లకి 830.

సందేహాల్రావు: మేడమ్, 1 వోల్టుకి మందం మారేది 0.37 నానోమీటరు. అంత కదలికకి కెపాసిటెన్స్ రెట్టింపు అవుతుందా? నమ్మబుద్ధి కావట్లేదు. డేటాషీట్ విలువలే ప్లస్ ఆర్ మైనస్ 20 శాతం అంటారు, అదే అయ్యుంటుంది.

క్లుప్తం: 20 శాతానికి 2.3 కాస్తా 4.7 అవ్వదు.

సిరామిక్_మేడమ్: రావు గారూ, కదలిక చిన్నదే, ఈ33 పెద్దది. లెక్క పైనే ఉంది, ఏ అంకె తప్పో చెప్పండి.

లెక్కల_మాష్టారు: అసలు ఈ గందరగోళమంతా ఆ టి అక్షరంతోనే. ఉష్ణోగ్రతకీ అదే, ట్రాన్స్‌పోజ్‌కీ అదే, ఇక్కడ స్ట్రెస్‌కీ అదే! సిగ్మా వాడితే ఎవడికైనా అర్థమవుతుంది కదా. 1880లో క్యూరీ సోదరులు స్ఫటికాన్ని నొక్కితే ఛార్జి పుడుతుందని చూపించారు, వోల్టేజీ పెడితే ఆకారం మారాలని మరుసటి ఏడే లిప్‌మన్ థర్మోడైనమిక్స్‌తో లెక్కగట్టాడు. నొక్కినప్పుడు వచ్చే డి, వోల్టేజీ పెట్టినప్పుడు వచ్చే డి ఒకటే అవ్వడానికి కారణం ఆ లెక్కే. ఇవాళ్టి పిల్లలకి అది చెప్పేవాళ్లు లేరు, మాట్రిక్స్ చేతికిచ్చి పొమ్మంటున్నారు.

మెష్_మాంత్రికుడు: మాష్టారూ, 1987 ఐఈఈఈ ప్రమాణంలో టి అనే ఉంది, డేటాషీట్లన్నీ దాన్నే పట్టుకుని నడుస్తున్నాయి. మీరు సిగ్మా అంటే కుర్రాడు కండక్టివిటీ అనుకుంటాడు.

లెక్కల_మాష్టారు: ప్రమాణంలో ఉంటే తప్పు ఒప్పవుతుందా?

సోల్డర్_బాబాయ్: క్లిప్పుల నొక్కుడు సంగతి ఎవరూ అడగలేదు. గట్టి స్ప్రింగు క్లిప్పయితే పూత మీద గీతలు పడతాయి.

ఫైనల్‌ఇయర్_బాధితుడు: 1700 వేస్తే 4.73 వచ్చింది. థాంక్స్ మేడమ్, థాంక్స్ క్లుప్తం గారూ. ఎల్లుండి దీన్ని అల్యూమినియం పట్టీకి ఎపాక్సీతో అంటించాలి, అప్పుడు 1700 వెయ్యాలా 830 వెయ్యాలా?

క్లుప్తం: రెండూ కాదు.

సోల్డర్_బాబాయ్: ఎపాక్సీ ఏది తమ్ముడూ? ఐదు నిమిషాలదైతే వద్దు.