డ్యూటీ లేని రోజు పెద్ద ప్రమాదం జరిగితే 108 వాళ్ళు సొంతంగా వెళ్ళిపోవచ్చా? (బాలాసోర్ గురించి)

సిక్కోలు_ఈఎంటీ:
2023 జూన్ 2, శుక్రవారం, 108 బండిలో ఈఎంటీని (దారిలో ప్రథమ చికిత్స చేసేవాణ్ణి), ఆ రోజు నాకు ఆఫ్. రాత్రి టీవీలో ఒడిశా బాలాసోర్ జిల్లా బహనగా బజార్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ రైలు పడిపోయిందని స్క్రోలింగ్ మొదలైంది, చనిపోయినోళ్ళు ముందు పదుల్లో అని చెప్పారు, తెల్లారేసరికి రెండొందలు దాటేసింది. బోగీలోంచి ఒకాయన్ని నలుగురు చేతులూ కాళ్ళూ పట్టుకుని లాగేస్తున్నారు, మెడకి కాలర్ లేదు, కింద బోర్డు లేదు. వాళ్ళని అనట్లేదు, పాపం ఊరోళ్ళు, అందరికన్నా ముందొచ్చింది వాళ్ళే. నేను మాత్రం మంచం మీంచి "మెడ పట్టుకోండ్రా, మెడ" అని అరుస్తున్నా. మా ఆవిడ టీవీ కట్టేసింది. సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి వెళ్తానంటే "రేపు పొద్దున నీ బండి ఎవడెక్కుతాడు" అన్నాడు. వెళ్ళలేదు. వెళ్ళిపోవాల్సిందా? ఏటంటారు?

పెసరట్టు77:
శ్రీకాకుళం నుంచి అక్కడికి ఐదొందల కిలోమీటర్లు అన్నా. నువ్వెళ్ళేసరికి తెల్లారిపోతుంది, గోల్డెన్ అవర్ (దెబ్బ తగిలాక ప్రాణం కాపాడే మొదటి టైము) గంటే కదా.

సిక్కోలు_ఈఎంటీ:
తెల్లారాక కూడా బోగీలు కోస్తూనే ఉన్నారు తమ్ముడూ, గోల్డెన్ అవర్ ఏటో నాకు చెప్పకు.

ఎర్రజెండా:
వెళ్ళకూడదు. అయినా మీరు వెళ్ళకపోవడాన్ని పెద్ద బాధలా ఎందుకు చెప్తున్నారో నాకు అర్థం కాదు. అక్కడ దిగిన ఎన్డీఆర్ఎఫ్ (కేంద్రం విపత్తు సహాయ దళం) వాళ్ళ సంగతి అప్పటి డీజీ అతుల్ కర్వాల్ అప్పుడే చెప్పారు, ఒక జవానుకి నీళ్ళు చూస్తే రక్తంలా కనపడుతోందట, ఇంకొకరికి ఆకలి చచ్చిపోయిందట. బాధంటే అది. మీరు చూసింది టీవీ.

నర్సమ్మ:
ఎర్రజెండా గారూ, క్యాజువాలిటీలో చేసినోళ్ళకి టీవీ చూడ్డం మీలాంటోళ్ళు చూసినట్టుండదండీ, చేతులు వాటంతటవే కదులుతాయి. కానీ తమ్ముడూ, మీ సూపర్‌వైజర్ చెప్పింది కూడా కరెక్టే. పిలవకుండా జనం వచ్చేస్తే ఎవరికి ఏ పని వచ్చో అడిగే నాథుడుండడు, అంబులెన్సుకి దారుండదు. ఒడిశా వాళ్ళు రెండొందలకి పైగా అంబులెన్సులు దింపారు, బాలాసోర్‌లో రక్తం ఇవ్వడానికి రాత్రంతా లైన్లు కట్టారు. మనుషులు తక్కువై కాదు ఆ రాత్రి గొడవ.

పెసరట్టు77:
ఎన్‌హెచ్16 మీద రాత్రి పూట సొంత కారు ఎనభైలో పోయినా ఆరు గంటలు పైనే. ఇంక టోల్ ప్లాజాలు.

నర్సమ్మ:
నువ్వు ఆ కిలోమీటర్లు వదిలేయమ్మా.

ఎర్రజెండా:
"మీలాంటోళ్ళు" అంటే ఎలాంటోళ్ళండీ? నేనెవరో మీకు తెలుసా? ఈయన గొడవ చనిపోయినోళ్ళ గురించి కాదు, తను లేకపోవడం గురించి. 290 మంది పైన పోతే అందులో "నేనుంటేనా" అనేది ఒకటా.

సిక్కోలు_ఈఎంటీ:
మాట జాగ్రత్త. కోవిడ్‌లో పీపీఈ వేసుకుని శవాలు మోశాను, జీతం రెండు నెలలు లేటు, అయినా ఒక్క రోజు డుమ్మా కొట్టలేదు. నాకు పేరు కావాలంటే సెల్ఫీలు పెట్టుకునేవోణ్ణి. ఇంట్లో కూర్చుని తీర్పులు చెప్పడం తేలిక సార్, మీరు ఆ రాత్రి ఏం పీకారో చెప్పండి.

ఎర్రజెండా:
చెప్తా. నేను రైల్వేలో సిగ్నల్ మెయింటెయినర్ని, ఆ డివిజన్ కాదు, ఆ జోన్ కూడా కాదు. మర్నాడు టీవీలో "మెయిన్ లైన్‌కి సిగ్నల్ ఇచ్చి లూప్‌లోకి (పక్క లైన్లోకి) పంపారు" అనగానే మా క్వార్టర్స్‌లో ఎవడూ ఎవడి మొహం చూడలేదు. కోరమాండల్ 128 స్పీడులో పోయి ఆగి ఉన్న గూడ్సుని కొట్టింది. తర్వాత సేఫ్టీ కమిషనర్ రిపోర్టు వచ్చింది, గూమ్టీలో (పట్టాల పక్కన సిగ్నల్ వైర్లుండే గదిలో) ఎప్పుడో చేసిన సర్క్యూట్ మార్పులో లోపం, దానికి తోడు 94 నంబర్ లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర బారియర్ మార్చే పని. 2022 మేలో అదే ఖరగ్‌పూర్ డివిజన్‌లో బాంక్రానయాబాజ్ దగ్గర తప్పు వైరింగ్ బయటపడింది, అప్పుడే అన్నిచోట్లా చూసుకుని ఉంటే ఇది జరిగేది కాదని అందులోనే రాశారు. జూలైలో సీబీఐ ముగ్గురు రైల్వే వాళ్ళని అరెస్టు చేసింది. నువ్వు వెళ్ళలేదని ఏడిస్తే అందరూ అయ్యో అంటారు. నేను ఏడిస్తే "నీ డిపార్ట్‌మెంటే కదా చంపింది" అంటారు, పెళ్ళిలో మా తోడల్లుడే అన్నాడు. అందుకే ఈ టైపు పోస్టు చూస్తే ఒళ్ళు మండుతుంది.

పెసరట్టు77:
ఓహో.

సిక్కోలు_ఈఎంటీ:
అది ముందే చెప్పొచ్చు కదా అన్నా. మీ తోడల్లుడు అన్నది తప్పే. అలాగని నేను నోరు మూసుకోవాలా?

ఎర్రజెండా:
మూసుకోమనలేదు. ప్రమాదం అయ్యాక ఎవరు పరిగెత్తాలి అని వంద థ్రెడ్లుంటాయి. ఒక్క మెయింటెయినర్‌కి ఎన్ని గేట్లు, ఎన్ని పాయింట్లు (రైలు లైను మారే చోట్లు) అప్పజెప్తున్నారో, పని అయ్యాక పూర్తిగా టెస్ట్ చెయ్యకుండా ట్రాఫిక్‌కి ఇచ్చెయ్యమని ఎవరు తొందర పెడతారో ఎవడైనా అడిగాడా?

నర్సమ్మ:
అది అడగాల్సిందే. కానీ ఆఫ్‌లో ఉన్న ఈఎంటీలు, నర్సులు ఇష్టమైతే ముందే పేర్లిచ్చి, జిల్లా నుంచి ఫోనొస్తేనే బయల్దేరేలా ఒక లిస్టుంటే తప్పేముంది? అప్పుడు బండి ఖాళీ అవదు, ఇతనికీ మంచం మీంచి అరిచే పని ఉండదు.

ఎర్రజెండా:
లిస్టు పెట్టుకోండి. లిస్టు ఉంటే గుండె తేలికవుద్ది, గూమ్టీలో వైరు మాత్రం అలాగే ఉంటుంది.

సిక్కోలు_ఈఎంటీ:
వైరు మీ పని, మెడ నా పని. రెండూ కావాలి అంటున్నా, మీరు ఒకటే చాలంటున్నారు.

ఎర్రజెండా:
ముందు వైరు అంటున్నా.

సిక్కోలు_ఈఎంటీ:
ఒప్పుకోను. మీరు గేట్ల గురించి వేరే థ్రెడ్ వెయ్యండి, వచ్చి రాస్తా. నర్సమ్మ గారూ, ఆ లిస్టు సంగతి మీ జిల్లాలో ఎవరినైనా అడిగారా?